పని విభజన వివరాలు ఎక్కడ రాయాలి? జాబితా, చార్టు, ఎక్సెల్, సాఫ్ట్‌వేర్, డిక్షనరీ: ఎవరికి ఏది సరిపోతుంది

ఖమ్మంలో ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీతో రాసుకున్న అగ్రిమెంటులో సంపు గురించి ఉన్నది ఒకటే లైను. "సంపు - 1". అంతే. నాలుగడుగులు తవ్వారో లేదో రాయి తగిలింది. గ్రానైట్‌కి పేరున్న జిల్లాలో రాయి పడదని అనుకోవడం మా అమాయకత్వమే, అది వేరే సంగతి. ఇక బ్రేకర్ తెప్పించాలి, దానికి గంటల లెక్కన డబ్బు కట్టాలి. "సంపు తవ్వకం మీదే కదా" అని నేను. "మట్టి తవ్వుడు మాది సార్, రాయి కొట్టుడు మాది ఎట్లయితది" అని ఆయన. ఇద్దరిదీ తప్పని చెప్పలేం, కాగితం మీద ఎటూ రాసి లేదు మరి. మూడు రోజులు పని ఆగి, చివరికి సగం సగం పెట్టుకున్నాం.

సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే, పన్నెండేళ్లుగా నాకు జీతం వచ్చేదే ఇలాంటి గొడవలు రాకుండా కాగితాలు రాసినందుకు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో స్కోప్ డాక్యుమెంట్లు, అంటే ఏ పని మాది, ఏది కాదు అని హద్దు గీసే కాగితాలు రాయడం నా పని. సొంత ఇంటికొచ్చేసరికి "మనవాళ్లే కదా" అని వదిలేశా. ఆ తర్వాత మిగతా ఇంటిపని మొత్తానికి కూర్చుని వివరాలు రాసుకున్నా, అప్పుడే ఏ పద్ధతి దేనికి పనికొస్తుందో, ఏది ఉత్త ఆర్భాటమో బాగా తెలిసింది. అందుకే ఇందులో ఉదాహరణలు ఎక్కువగా ఇంటి నుంచే ఇస్తున్నా, ఆఫీసు సంగతులు మధ్యలో వస్తాయి.

ముందు రెండు మాటలు స్పష్టం చేసుకుందాం. డబ్ల్యూబీఎస్ (వర్క్ బ్రేక్‌డౌన్ స్ట్రక్చర్) అంటే మొత్తం పనిని ముక్కలు చేసి, పెద్ద ముక్క కింద చిన్న ముక్క చొప్పున మెట్లు మెట్లుగా పేర్చుకున్న జాబితా. ఇల్లు అనుకుంటే దాని కింద పునాది, స్లాబు, గోడలు, కరెంటు, నీళ్ల లైన్లు, రంగులు. అట్టడుగున మిగిలే ముక్కని వర్క్ ప్యాకేజీ అంటారు. ఆ ముక్క పేరు వెనక ఏముందో, అంటే ఏం చేస్తాం, ఏం చేయం, ఎవరు చేస్తారు, అయిందని ఎలా ఒప్పుకుంటాం అనేవి రాసిపెట్టేది డబ్ల్యూబీఎస్ డిక్షనరీ. ప్రాజెక్టు మేనేజ్‌మెంటుకి ప్రమాణాలు రాసే పీఎంఐ అనే సంస్థకి పీఎంబాక్ అని ఒక గైడ్ ఉంది. దాని లెక్కలో స్కోప్ బేస్‌లైన్, అంటే అందరూ ఒప్పుకుని ఖాయం చేసుకున్న పని హద్దు, స్కోప్ స్టేట్‌మెంట్ (మొత్తం పని గురించిన వివరణ), డబ్ల్యూబీఎస్, డిక్షనరీ మూడూ కలిపి. మన దగ్గర మొదటి రెండూ ఎలాగోలా తయారవుతాయి, మూడోది ఆడిట్ వస్తుందంటే గుర్తొస్తుంది. గొడవలన్నీ ఉండేది ఆ మూడోదాంట్లోనే.

చాలా కంపెనీల్లో డిక్షనరీ టెంప్లేట్ తెరిస్తే పదిహేను, ఇరవై గళ్లు కనిపిస్తాయి. కంట్రోల్ అకౌంట్, చార్జ్ కోడ్, ఒప్పందం నంబరు... ఈ పద్ధతికి మూలం అమెరికా రక్షణ శాఖ. 1962లో వాళ్లూ నాసా కలిసి ఇచ్చిన పెర్ట్/కాస్ట్ (ప్రాజెక్టు ప్లానూ ఖర్చూ కలిపి చూసే పద్ధతి) గైడ్‌లో డబ్ల్యూబీఎస్ ఉంది, 1968లో దీనికే ఒక మిలిటరీ స్టాండర్డ్ వచ్చింది, దాని నంబరు 881. క్షిపణులూ విమానాలూ కొనేవాళ్లకి ఏ ముక్కకి ఏ కాంట్రాక్టర్ ఎంత ఖర్చు పెట్టాడో తేలాలి కాబట్టి అన్ని గళ్లు కావాలి. నలుగురు డెవలపర్లు ఉన్న ప్రాజెక్టుకి అదే టెంప్లేట్ దించుకుంటే సగం గళ్లలో "వర్తించదు" అని నింపడానికే సాయంత్రం అయిపోతుంది.

ఇక ఎంపికల సంగతి.

పుస్తకంలో జాబితా

నోట్‌బుక్‌లోనో వర్డ్‌లోనో మార్జిన్ వదులుతూ లోపలికి జరుపుకుంటూ రాసేది. దీన్ని తక్కువ చేసి చూడకండి. ముక్కలు ఇరవై లోపు ఉండి, చేసేదీ చేయించుకునేదీ ఒకే చోట ఉండేవాళ్లయితే ఇదే చాలు. ఒక గది వేసుకోవడం, చిన్న షాపు వెబ్‌సైటు, కాలేజీ ఫెస్ట్ లాంటివి. ఒక్క మాట: ప్రతి పేరు కింద ఒక పూర్తి వాక్యం రాయండి. "పెయింటింగ్" అనే మాటకి వివరం లేదు. "లోపలి గోడలకి రెండు కోట్లు లప్పం, ఒక కోటు ప్రైమర్, రెండు కోట్లు ఎమల్షన్, కిటికీ గ్రిల్స్ ఇందులో లేవు" అంటే వివరం ఉంది.

చెట్టు బొమ్మ

పైన ఒక డబ్బా, కింద కొమ్మలు. మీటింగులో క్లయింటుకి చూపించడానికి దీన్ని మించింది లేదు, అందులో అనుమానం లేదు. ఏదైనా మరిచిపోయామా అనేది కంటికి దొరుకుతుంది. మా ఇంటి బొమ్మ గోడకి అతికిస్తే ఇంజనీరింగ్ మొహం చూడని మా పెద్దమ్మ "పూజగది ఏది రా" అని అడిగింది, నిజంగానే ఎక్కడా లేదు. కానీ డబ్బాలో నాలుగు మాటలే పడతాయి, వివరాలకి చోటు లేదు. నలభై డబ్బాలు దాటితే ప్రింటు తీస్తే అక్షరాలు చీమల్లా ఉంటాయి. కాబట్టి ఆలోచించడానికీ చూపించడానికీ వాడండి, వివరాలు దాచడానికి మాత్రం వద్దు.

ఎక్సెల్

నన్నడిగితే పదిలో ఏడు ప్రాజెక్టులకి ఇదే. అందరి దగ్గరా ఉంటుంది, ఫిల్టర్ వేసుకోవచ్చు, పక్కనే డబ్బు లెక్క వేసుకోవచ్చు. నేను పెట్టుకునే కాలమ్స్ ఏడు: నంబరు, పేరు, ఇందులో ఏముంది, ఇందులో ఏం లేదు, ఎవరి బాధ్యత, దేని తర్వాత మొదలవ్వాలి, అయిపోయిందని ఎలా తేలుస్తాం. ఖర్చు, తేదీలు వేరే షీట్లో ఉంచి నంబరుతో కలుపుకోవడం మేలు, ఎందుకంటే తేదీలు వారం వారం మారతాయి, స్కోప్ అలా మారకూడదు.

దీనితో వచ్చే తలనొప్పులు రెండు మూడు చెప్తాను. నంబరు కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చకపోతే 1.10 అని కొట్టగానే అది 1.1 అయి కూర్చుంటుంది, మొదటి పనీ పదో పనీ ఒకే నంబరులో కలిసిపోతాయి. టెక్స్ట్‌గా మార్చాక సార్ట్ చేస్తే 1.2 కంటే ముందు 1.10 వస్తుంది. అందుకే 1.01, 1.02 అని రెండంకెలు వాడండి. అందంగా ఉందని సెల్స్ మెర్జ్ చేశారా, ఫిల్టర్ సరిగ్గా పనిచేయదు. అన్నిటికన్నా పెద్దది "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఇదే వాడండి" అనే మూడు ఫైళ్లు. షేర్డ్ షీట్ ఒకటే పెట్టుకుని, ఒప్పుకున్న రోజు దాన్ని పీడీఎఫ్ చేసి అందరికీ మెయిల్ కొట్టండి. ఆ పీడీఎఫ్ మీ బేస్‌లైన్.

షెడ్యూల్ సాఫ్ట్‌వేర్

ఎంఎస్ ప్రాజెక్ట్, ప్రైమావెరా లాంటివి. వీటిలో డబ్ల్యూబీఎస్ కోడ్ ఉంటుంది, ప్రతి లైనుకీ నోట్స్ రాసుకోవచ్చు, ప్రైమావెరాలో నోట్‌బుక్ అని విడిగానే ఉంది. పెద్ద కట్టడాల్లో, రోడ్లు, ప్లాంట్లు కట్టేచోట ఎలాగూ షెడ్యూల్ వీటిలోనే ఉంటుంది కాబట్టి వివరం కూడా అక్కడే ఉంటే బాగుంటుందని అనిపిస్తుంది. అనుభవంలో మాత్రం నోట్స్‌లో రాసింది రాసినవాడు తప్ప ఎవరూ తెరవరు. లైసెన్స్ ప్లానర్ ఒక్కడి దగ్గరే ఉంటుంది, మిగతావాళ్లకి వెళ్లేది గాంట్ చార్టు (ఏ పని ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని గీతల్లో చూపే బొమ్మ) ప్రింటు, అందులో నోట్స్ ఉండవు. ఇంకో ప్రమాదం, తెలియకుండానే ముక్కలన్నీ "తవ్వడం, కట్టడం, పూయడం" అనే పనులుగా మారిపోతాయి. డబ్ల్యూబీఎస్‌లో ఉండాల్సింది చేతికొచ్చే వస్తువు: సంపు, స్లాబు, రిపోర్టు, లాగిన్ స్క్రీన్. ఆ వస్తువు కోసం చేసే పనులు షెడ్యూల్లోకి వెళ్లాలి. ఈ రెండూ ఒకే చోట కలిపితే, అన్ని పనులూ "పూర్తి" అని ఉంటాయి కానీ సంపు మాత్రం కారుతూ ఉంటుంది.

జిరా తరహా బోర్డులు

పనుల్ని టికెట్లుగా రాసుకుని నడిపే సాఫ్ట్‌వేర్ జిరా. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అన్నం పెట్టేది ఇదే. పెద్ద ముక్క పేరు ఎపిక్, దాని కింద స్టోరీ, దాని కింద సబ్‌టాస్క్, స్టోరీలో యాక్సెప్టెన్స్ క్రైటీరియా, అంటే అయిందని ఒప్పుకోవడానికి షరతులు. అంటే డిక్షనరీలో ముఖ్యమైన గడి ఒకటి దీనిలో ముందే ఉందన్నమాట. స్కోప్ రెండు వారాలకోసారి మారే ప్రాజెక్టులో, నెలవారీగా టీముకి డబ్బు కట్టే ఒప్పందంలో, విడిగా డిక్షనరీ రాయడం దండగ. కానీ ఫిక్స్‌డ్ ప్రైస్, అంటే మొత్తం పనికి ముందే ఒకే ధర ఖాయం చేసుకున్న ఒప్పందం అయితే జాగ్రత్త. బోర్డులో ఉన్నది మనం అనుకున్నంత వరకే, మొత్తం పని నూటికి నూరు పాళ్లు అక్కడ ఉందో లేదో బోర్డు చెప్పదు. డబ్ల్యూబీఎస్‌లో అసలు నియమమే అది: కింద ముక్కలన్నీ కలిపితే పైది మొత్తం రావాలి, ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు. పైగా "మేం చేయం" అనే మాట రాయడానికి టికెట్ ఉండదు కదా.

ఒకసారి ఒక ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టులో "డేటా మైగ్రేషన్" అని, అంటే పాత సిస్టమ్‌లోని డేటాని కొత్తదాంట్లోకి తేవడం, ఒకే ఎపిక్ ఉంది. ఎన్నేళ్ల డేటా? డూప్లికేట్లు ఎవరు శుభ్రం చేస్తారు? ట్రయల్ రన్ ఎన్నిసార్లు? స్కాన్ చేసిన పాత కాగితాలు కూడా రావాలా? వీటిలో ఒక్కటీ రాయలేదు. మూడేళ్ల డేటా అనుకుని మేం వేసిన లెక్క, పదేళ్లది అడిగేసరికి తలకిందులైంది. రాత్రుళ్లు ఆఫీసులో పడుకున్నవాళ్లం మేమే. అప్పటి నుంచి జిరా ఉన్నా సరే, ఫిక్స్‌డ్ ప్రైస్‌లో పది ముఖ్యమైన ముక్కలకి విడిగా పేజీ రాయించకుండా నేను సంతకం పెట్టను.

పూర్తి డిక్షనరీ

ముక్కకో పేజీ. ఇది బరువైన పద్ధతే, రాసేవాళ్లకీ చదివేవాళ్లకీ. ప్రభుత్వ టెండర్లు, నలుగురైదుగురు వెండర్లు పంచుకునే పని, మధ్యలో మనుషులు మారిపోయే రెండు మూడేళ్ల ప్రాజెక్టు, వీటికి ఇది తప్పదు. రెండొందల ముక్కలున్న చోట రెండొందల పేజీలూ ఒకే శ్రద్ధతో రాయాలని మాత్రం చూడకండి, నలభయ్యో పేజీ దగ్గర కాపీ పేస్ట్ మొదలవుతుంది, అప్పటి నుంచి రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే.

నేను చివరికి కుదురుకున్న పద్ధతి ఎక్సెల్‌నీ దీన్నీ కలిపింది. అన్ని ముక్కలూ ఎక్సెల్లో ఒక్కో లైను. వాటిలో గొడవకి అవకాశం ఉన్నవాటికి మాత్రమే విడి పేజీ. ఏవి గొడవ పెడతాయో కనిపెట్టడం కష్టం కాదు. తర్వాత కప్పిపోయే పనులు మొదటివి: స్లాబ్ పోసే ముందు ఇనుము, ప్లాస్టరింగ్ ముందు గోడలోని పైపులు, టైల్స్ ముందు బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్. ఇద్దరు కలిసే చోట జరిగేవి రెండోవి: ఎలక్ట్రీషియన్ గోడ కొట్టాక ఆ గాడి పూడ్చేది ఎవరు? తాపీ మేస్త్రీ తనది కాదంటాడు, ఎలక్ట్రీషియన్ తనది కాదంటాడు. సాఫ్ట్‌వేర్లో దీనికి జోడీ రెండు సిస్టమ్స్ కలిపే ఇంటర్‌ఫేస్. మూడోవి నేల కింద, కంటికి కనిపించని చోట ఉండేవి.

సంపుకి తర్వాత రాసుకున్న పేజీ ఇది, తమ్ముడి ఇంటికి వాడాం:

2.03 సంపు
ఉన్నవి: లోపలి కొలత 8 × 6 అడుగులు, లోతు 6 అడుగులు, అంటే సుమారు 8,000 లీటర్లు. తవ్వకం, అడుగున కాంక్రీటు, గోడలు, పై స్లాబు, లోపల వాటర్‌ప్రూఫింగ్ కలిపిన ప్లాస్టరింగ్, మూత, బోరు పైపుకీ మోటారు పైపుకీ దారి.
లేనివి: మోటారు, మున్సిపల్ కనెక్షన్. రాయి పడితే బ్రేకర్ ఖర్చు యజమానిదే, గంటల లెక్క ఇద్దరూ రోజూ రాసి సంతకం పెట్టాలి. తవ్విన మట్టి ప్లాట్ లోపలే పోస్తారు, బయటికి తోలించాలంటే ట్రాక్టర్ ఖర్చు వేరు.
అనుకున్నది: మట్టి, మొరం మాత్రమే ఉంటాయని.
బాధ్యత: తాపీ మేస్త్రీ. సిమెంటు, ఇనుము యజమాని ఇస్తాడు.
దేని తర్వాత: బోరు వేసి నీళ్లు పడ్డాక.
ఒప్పుకోవడం: నిండా నీళ్లు నింపి గోడ మీద గీత గీయాలి. రెండు రోజుల తర్వాత నీళ్లు ఆ గీత దగ్గరే ఉండాలి. ఇద్దరి ఎదుటా ఫోటో తీయాలి. ఆ తర్వాతే ఈ ముక్క డబ్బు.

ఇరవై నిమిషాలు పట్టింది రాయడానికి. ఇందులో విలువైన గడి ఏదని అడిగితే "లేనివి" అంటాను, ఏమాత్రం తడుముకోకుండా. రెండోది "ఒప్పుకోవడం". మిగతావి ఉంటే మంచిదే.

కొలతల విషయంలో ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే డబ్బు అక్కడే కారిపోతుంది. ప్లాస్టరింగ్ చదరపు అడుగుల్లో కొలుస్తారు సరే, తలుపులూ కిటికీలూ తీసేసి కొలుస్తారా, కలిపి కొలుస్తారా? భారతీయ ప్రమాణం ఐఎస్ 1200లో దీనికి నియమాలున్నాయి: అర చదరపు మీటరు లోపు ఖాళీలకి ఏమీ తగ్గించరు, అక్కడి నుంచి మూడు చదరపు మీటర్ల వరకు, గోడకి రెండు వైపులా ప్లాస్టరింగ్ ఉంటే, ఒక వైపు మాత్రమే తగ్గిస్తారు, అంతకు మించితే రెండు వైపులా తగ్గించి అంచుల కొలత విడిగా కలుపుతారు. మీ మేస్త్రీ పద్ధతి వేరే ఉండొచ్చు, దానితో పేచీ లేదు, ఏ పద్ధతో ఒక లైను రాసి ఉండాలి అంతే. అలాగే స్లాబుకి నీళ్లు పట్టడం. ఐఎస్ 456 ప్రకారం మామూలు ఓపీసీ సిమెంటు అయితే కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి, బూడిద వంటివి కలిపిన సిమెంటు అయినా ఎండలు మండే పొడి వాతావరణం అయినా కనీసం 10 రోజులు. కానీ ఎన్ని రోజులు అన్నదాని కంటే ఎవరు పట్టాలి అన్నదే మా ఇంట్లో తేలలేదు. మేస్త్రీ స్లాబు పోసి వేరే సైటుకి వెళ్లాడు, వాచ్‌మన్‌ని నేను ఇంకా పెట్టలేదు, మే నెల ఎండలో రెండు రోజులు మా నాన్నే పైపు పట్టుకుని నిలబడ్డాడు.

ఎంత చిన్న ముక్క దాకా విడగొట్టాలి అని చాలామంది అడుగుతారు. పుస్తకాల్లో 8/80 అని ఒక లెక్క ఉంటుంది, వర్క్ ప్యాకేజీ 8 గంటలకి తక్కువ, 80 గంటలకి ఎక్కువ ఉండకూడదని. ఆఫీసు పనికి పర్వాలేదు. ఇంటి పనికి దాన్ని పట్టుకుంటే కుదరదు, స్లాబు ఒక్కరోజులో పోస్తారు కానీ దాని చుట్టూ నెల రోజుల కథ ఉంటుంది. నేను చూసేది ఒకటే: ఈ ముక్కకి విడిగా డబ్బు ఇస్తానా, లేక విడిగా చెక్ చేస్తానా? రెంటిలో ఏ ఒక్కటి అవునైనా విడగొడతాను. రెండూ కాకపోతే పై ముక్కలో కలిపేస్తాను.

ఇంకా తేల్చుకోలేకపోతే, రాసింది చివరికి ఎవరి చేతిలో ఉంటుందో చూడండి. మా మేస్త్రీ ఎక్సెల్ తెరవడు, తెరవాల్సిన అవసరమూ లేదు. ఆయన కోసం పదకొండు పేజీలు తెలుగులో, పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి సిమెంటు బస్తాలుండే గదిలో మేకుకి తగిలించా. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టుకున్నాడు, ఎలక్ట్రీషియన్‌తో మాటా మాటా వచ్చినప్పుడు ఆయనే ఆ ఫోటో తీసి చూపించాడు. అదే వివరాన్ని ఇంగ్లీషులో ఏదో సాఫ్ట్‌వేర్లో పెట్టి ఉంటే నాకొక్కడికే అందంగా కనిపించేది. విదేశాల్లో ఉండి ఊళ్లో ఇల్లు కట్టించేవాళ్లకైతే షేర్డ్ షీట్ మీ కోసం, తెలుగు ప్రింటు సైటు కోసం, రెండూ కావాలి, నంబర్లు మాత్రం రెంటిలో ఒకటే ఉండాలి. ఫోన్లో "2.03 ఎంతవరకు వచ్చింది" అంటే ఇద్దరూ ఒకే పేజీ చూస్తారు.

ఆఫీసులో అయితే ఇలా తేల్చుకోండి. నెలవారీ బిల్లింగు, మారుతూ ఉండే పని: జిరా ఒక్కటే, స్టోరీలు శ్రద్ధగా రాయండి. ఫిక్స్‌డ్ ప్రైస్, ఒకే టీము: ఎక్సెల్, దానితో పాటు గొడవ ముక్కలకి పేజీలు. ఫిక్స్‌డ్ ప్రైస్, చాలామంది వెండర్లు: పూర్తి డిక్షనరీ, దానికంటూ ఒక మనిషి. షెడ్యూల్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఉండనివ్వండి, నంబర్లు దానిలోకి ఎక్కించండి, వివరాన్ని మాత్రం దాని లోపల దాచకండి.

ఒప్పుకున్నాక మార్పు వస్తే పాత లైను చెరిపేయొద్దు. ఎక్సెల్ అయితే దాన్ని కొట్టేసినట్టు గీత వేసి, కింద కొత్త లైను, పక్కన తేదీ, ఎవరు అడిగారు, డబ్బు ఎంత పెరిగింది. మేకుకి తగిలించిన కాగితం అయితే పెన్నుతోనే కొట్టేసి పక్కన ఇద్దరి సంతకాలు. తమ్ముడి ఇంట్లో సంపు పేజీ మీద అలాంటి కొట్టివేత ఒకటుంది: లోతు 6 అడుగులు కొట్టేసి 5 అని రాసి ఉంది, రెండు సంతకాలతో. అక్కడా రాయి పడింది. మరదలు లోతు తగ్గించి అటు పక్క రెండడుగులు పొడవు పెంచమంది, బ్రేకర్ రాకుండానే పనైపోయింది.